మహాదేవమ్మకు వచ్చిన ఇంగ్లీషు

పోయిన వారం కథ ఒక చేతి పట్టు దగ్గర ఆగింది. రాయచోటిలో డాక్టర్ లక్ష్మీప్రియ నడుపుతున్న నర్సింగ్ హోమ్. ఆపరేషన్ బల్ల మీద మహాదేవమ్మ. ఇరవై ఏడేళ్ల మనిషే గానీ బుద్ధి చిన్నపిల్లదని ఆమెను తెచ్చినవాళ్లు చెప్పారు. తెచ్చింది అభయవల్లి సేవాసదనం వాళ్లు. దిక్కులేని వాళ్లను, మతి కుదురు లేనివాళ్లను చేరదీస్తామని ఊరంతా ఫ్లెక్సీలు కట్టుకున్న సంస్థ అది. ఆమెకు గర్భసంచి తీయించేయాలని వాళ్లే నిర్ణయించారు. మత్తు ఇవ్వడానికి కడప నుంచి డాక్టర్ స్వర్ణలతను పిలిపించారు. వీపులో వేయాల్సిన మందును స్వర్ణలత సిరంజిలోకి లాగింది. అప్పుడు మహాదేవమ్మ వెనక్కి తిరిగి, ఆ చేతి మణికట్టును గట్టిగా పట్టుకుని ఒకే ఒక్క మాట అంది.

"బ్యాడ."

నర్సు ఫక్కున నవ్వింది. "చూసినారా మేడమ్, ఇంగ్లీషు. సూదిని బ్యాడ్ అంటాంది," అంది. గ్లవుజులు తొడుక్కుంటున్న లక్ష్మీప్రియ కూడా మాస్కు చాటున నవ్వింది.

స్వర్ణలతకు నవ్వు రాలేదు. ఆమె పుట్టింది కర్నూలుకు పడమటి అంచున, కౌతాళం దగ్గర. అక్కడ ఇళ్లలో మాట తెలుగులో మొదలై కన్నడంలో ముగిసినా ఎవరూ వింతగా చూడరు. పెళ్లి పంక్తిలో రెండోసారి ఓళిగ, అదే బొబ్బట్టు, వేయబోతే విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి "బ్యాడ, బ్యాడ" అంటారు. బ్యాడ అంటే వద్దు. అందులో ఇంగ్లీషూ లేదు, పిచ్చీ లేదు. ఆ మాట ఈ వైపు వినిపించి ఎన్నేళ్లయిందో, విన్న వెంటనే స్వర్ణలత చెయ్యి తనంతట తానే ఆగిపోయింది.

సిరంజిని ట్రేలో పెట్టేసింది.

"మేడమ్, ఈమె వద్దంటాంది."

"ఏం వద్దంటాంది?"

"ఆపరేషన్. బ్యాడ అంటే మా పక్క వద్దని."

లక్ష్మీప్రియ గ్లవుజు అంచు సాగదీసి టప్పున వదిలింది. "అయితే ఏమిప్పుడు? అది అన్నిటికీ అదే అంటాదంట. నీ పని నువ్వు కానీ స్వర్ణా. నాకు ఇంకా కేసులుండాయి."

లక్ష్మీప్రియకు కాలేజీలో బంగారు పతకం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి రిసెప్షన్‌లో వినాయకుడి పటం పక్కన తగిలించింది. అంత పతకం తెచ్చుకున్న మనిషికి చెవులున్నది స్టెతస్కోపు తగిలించుకోవడానికి మాత్రమే కాదని ఏ ప్రొఫెసరూ చెప్పలేదేమో. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

స్వర్ణలతది ఊరూరా తిరిగే బతుకు. ఇట్లాంటి చిన్న నర్సింగ్ హోమ్‌లు మత్తు డాక్టర్‌ను జీతమిచ్చి పెట్టుకోవు. కేసు ఉన్నప్పుడు ఫోను చేసి పిలిపించుకుంటాయి. వచ్చి, మత్తిచ్చి, పేషెంటు కళ్లు తెరిచేదాకా ఉండి పోవాలి. అంతకు మించి నోరు తెరిచే మత్తు డాక్టర్‌ను ఎవరూ రెండోసారి పిలవరు. అది ఆమెకు బాగా తెలుసు. తెలిసే, మహాదేవమ్మను బల్ల మీద నుంచి దింపి, భుజాల చుట్టూ దుప్పటి కప్పి, చెయ్యి పట్టుకుని బయటి గదిలోకి నడిపించుకుని వచ్చి బెంచీ మీద కూర్చోబెట్టింది.

ఆ గదిలో వీరభద్ర కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. సేవాసదనానికి వ్యవస్థాపకుడూ, అధ్యక్షుడూ, కార్యదర్శీ అన్నీ ఆయనే. తెల్ల చొక్కా, తెల్ల పంచె, మెడలో గోలీకాయలంత రుద్రాక్షలు. సేవారత్న అన్న బిరుదు ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు గానీ బస్టాండు దగ్గరి ఫ్లెక్సీలో ఆయన బొమ్మ కింద అది ఆయన పేరుకన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆయన చేసే సేవలో ఒక అరటిపండును పదిమంది పట్టుకుంటారు. ఫోటో బాగా వచ్చేదాకా తీసుకునే మనిషి చెయ్యి చాచుకునే నిలబడాలి. ఫోటో అయ్యాక పండు ఒక్కోసారి వెనక్కి బుట్టలోకే పోతుంది.

"అప్పుడే అయిపాయనా డాక్టరమ్మా?" అన్నాడు.

"కాలేదు. కాదు కూడా. ఈమె వద్దంటాంది."

వీరభద్ర ఒక క్షణం అర్థం కానట్టు చూసి, పొట్ట కదిలేలా నవ్వాడు. "ఓహో, బ్యాడ్ అనిందా? ఆ ఇంగ్లీషు మా కాడికి వచ్చినంకే వచ్చిందమ్మా దానికి. శివరాత్రి జాతరలో మహానంది కాడ తప్పిపోయి దొరికినప్పుడు ఉలుకూ లేదు, పలుకూ లేదు. పేరూ వయసూ మేమే రాసుకుంటిమి. మా పిల్లోల్లలో ఇది శానా తెలివైంది. ఉండండి, చూపిస్తా."

ఫోను తీశాడు. గర్వంగా అరచేతిలో పెట్టి స్వర్ణలత ముందుకు చాచాడు.

వీడియోలో ఒక షామియానా, వేదిక, శాలువాలు కప్పుకున్న నలుగురు పెద్దమనుషులు. మధ్యలో మహాదేవమ్మ. ఇరవై ఏడేళ్ల ఆడమనిషికి చిన్నపిల్లలు పుట్టినరోజుకు తొడుక్కునే గులాబీరంగు కుచ్చుల గౌను తొడిగించి, రెండు జడలకూ రిబ్బన్లు కట్టారు. పక్కన మైకు పట్టుకుని వీరభద్ర.

"సిగరెట్టు?" అని అడిగాడు వీడియోలో వీరభద్ర, జేబులోంచి ఒక పెట్టె తీసి ఆమె మొహం దగ్గర పెట్టి.

"బ్యాడ."

చప్పట్లు.

"సారాయి?"

"బ్యాడ."

ఇంకా పెద్ద చప్పట్లు. ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. ఈ అమాయకురాలికి ఉన్న జ్ఞానం మన యువతకు ఉంటే దేశం ఎక్కడో ఉండేదని మైకులో అన్నాడు. ఆ తర్వాత అందరూ ఫోటోకు నిలబడ్డారు. వీరభద్ర మహాదేవమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి తన వైపు లాక్కున్నాడు.

"బ్యాడ," అంది మహాదేవమ్మ.

దానికీ చప్పట్లు కొట్టారు.

వీడియో ముగిసింది. "ఎన్ని వేలమంది చూసినారో తెలుసునా?" అన్నాడు వీరభద్ర. ఆ ఒక్క వీడియోతో సదనానికి కొత్త షెడ్డు వచ్చిందట.

స్వర్ణలత ఆ ఫోనును చేత్తో పక్కకు నెట్టింది. ఒక మనిషి నోరు తెరిచి, అందరి ముందూ, మైకులో, వద్దు వద్దు అని చెప్తూ ఉంటే దానికి ఈలలూ చప్పట్లూ. ఇంతమంది మొనగాళ్లలో ఒక్కడికి కూడా, ఇది ఏ ఊరి పిల్ల, ఏ భాష మాట్లాడుతుంది అన్న అనుమానం రాలేదు. ఇంగ్లీషు అయ్యేసరికి అడగాల్సిన పని లేదనుకున్నారు. మన పక్క ఊరి మాట మనకు పరాయిదీ, ఇంగ్లీషు మాట మన ఇంటిదీ అయి కూర్చుంది.

"సారూ," అంది, "ఆమెకు మీరు ఇంగ్లీషు నేర్పలేదు. అది కన్నడం. బ్యాడ అంటే వద్దు. సిగరెట్టు వద్దు అనింది, సారాయి వద్దు అనింది. మీరు భుజం మీద చెయ్యేస్తే అది కూడా వద్దు అనింది. మీరు ఫేసుబుక్కులో పెట్టుకునింది అదే."

వీరభద్ర నవ్వు కొంచెం సన్నబడింది. కానీ సిగ్గు అనేది అలవాటున్న వాళ్లకు వచ్చే జబ్బు. ఆయన పంచె సర్దుకుని మళ్లీ కూర్చున్నాడు.

"సరేలేమ్మా, వద్దనే అనిందనుకుందాం. తెలివి లేని బిడ్డ వద్దంటే మానుకుంటామా? మీ బిడ్డ సూది వద్దంటే మీరు మానుకుంటారా?"

"నా బిడ్డకు జ్వరమొస్తే సూది వేయిస్తా. ఈమెకు ఏం జబ్బు?"

"జబ్బని కాదు. నెలనెలా ఆడోళ్లకు వచ్చే బాధ ఉండాది కదా. గుడ్డ పెట్టుకునేది తెల్దు, కడుక్కునేది తెల్దు. గోడలకు, పరుపులకు అంతా. మా ఆయాలు మేం చేయలేమని పోతాండారు. సంచి తీసేస్తే దానికీ సుఖం, మాకూ సుఖం. దాని మేలుకే చేస్తాండామమ్మా."

ఎద్దు పుండు కాకికి నొప్పా? స్వర్ణలత ఆ రుద్రాక్షల వైపు చూసింది. ఇట్లాంటివాడు దొంగతనం చేసినా ఇంత అసహ్యం వేసేది కాదు. దొంగ కనీసం తన పనికి మేలు అని పేరు పెట్టడు.

"ముక్కు చీదడం రాని బిడ్డకు ముక్కు కోసేస్తారా సారూ?"

వీరభద్ర మొహం ఎర్రబడింది. "మాటలు జాగ్రత్తగా రానియ్యండి. నేను దానికి తండ్రి లెక్క. తండ్రిగా సంతకం పెట్టినా."

"తండ్రి లెక్క వేరు, తండ్రి వేరు. తండ్రయినా సరే, ఒప్పుకోలు లేకుండా ఆమెకు బిడ్డలు పుట్టకుండా చేసే హక్కు లేదు. వికలాంగుల చట్టంలో ఆ మాట రాసే పెట్టినారు. మేడమ్‌కు కూడా తెలుసు."

మేడమ్ అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది. మాస్కు గడ్డం కిందికి లాగింది. చట్టం సంగతి ఎత్తితే ఏ డాక్టర్‌కైనా మొదట వచ్చేది విసుగు, భయం తర్వాత వస్తుంది. లక్ష్మీప్రియ ఇంకా విసుగు దగ్గరే ఉంది.

"ఉపన్యాసం అయిపోతే నువ్వు బయల్దేరు స్వర్ణా. ఇష్టం లేని పని ఎవరితోనూ చేయించను. ఆంజనేయకు ఫోను చేస్తా. భోజనాల యాళకు ఈడుంటాడు."

ఫోను తీసి నంబరు వెతకసాగింది.

స్వర్ణలతకు అతని సంగతి తెలుసు. ఆంజనేయ కూడా మత్తు డాక్టరే, కడపలోనే ఉంటాడు. అతనిది ఏమీ అడగని వైద్యం. పేషెంటు ఎవరు, ఎందుకు, ఒప్పుకుందా లేదా, ఇవేవీ అతనికి పట్టవు. తను ఇప్పుడు ఇక్కడి నుంచి లేచి పోతే, మధ్యాహ్నానికల్లా మహాదేవమ్మ అదే బల్ల మీద, అదే మాట ఇంకొకరితో అంటుంది. ఆ ఇంకొకరు నవ్వుతారు. పోలీసులకు చెప్దామంటే, వాళ్లు వచ్చి సేవారత్నకు నమస్కారం పెట్టి, కాఫీ తాగి, సంగతేమిటని అడిగేలోపు ఆపరేషన్ అయిపోతుంది. తీసేసిన సంచిని ఏ కోర్టూ తిరిగి పెట్టించలేదు.

కానీ ఎంత అడగనివాడైనా, మత్తు డాక్టర్ అన్నవాడు ఒక్క ప్రశ్న అడిగి తీరుతాడు. కడుపులో ఏముంది? ఎప్పుడు తినింది? తిండి ఉన్న కడుపుతో మత్తిస్తే తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మనిషి బల్ల మీదే పోవచ్చు. పేషెంటు మీద దయ లేకపోయినా ఆంజనేయకు తన డిగ్రీ మీద బోలెడు దయ ఉంది.

స్వర్ణలత తన సంచి తెరిచింది. పొద్దున ఘాటు ఎక్కినాక గువ్వలచెరువులో కారు ఆపి కొన్న పాలకోవా పొట్లం అందులో ఉంది. ఆ దారిన పోయేవాళ్లెవరూ కొనకుండా పోరు. బెంచీ మీద మహాదేవమ్మ పక్కన కూర్చుని పొట్లం విప్పింది.

"మాదేవమ్మా," అంది, తన ఊరి మాటలో, "కోవా బేకా?"

మహాదేవమ్మ తల ఎత్తింది. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న మనిషి మొట్టమొదటిసారి స్వర్ణలత మొహంలోకి చూసింది. కోవా వైపు చూసింది. మళ్లీ మొహంలోకి చూసింది, ఇది నిజంగా అడిగిందేనా అన్నట్టు.

"బేకు," అంది.

థియేటర్ నుంచి వెనకాలే వచ్చిన నర్సు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. బేకు అంటే కావాలి. అభయవల్లిలో ఉన్నన్నాళ్లూ మహాదేవమ్మను ఆమెకు కావలసింది ఎవరూ అడగలేదు. కాబట్టి ఆమె దగ్గర రెండో మాట ఉందన్న సంగతి ఎవరికీ తెలియలేదు. సిగరెట్టు కావాలా, సారాయి కావాలా అని అడిగారు గానీ, అన్నం ఇంకొంచెం కావాలా అని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆమె రెండు చేతులతో కోవా తీసుకుని, పొద్దున నుంచి ఎండబెట్టిన కడుపుతో, గబగబా తినసాగింది.

ఫోను చెవి దగ్గర పెట్టుకున్న లక్ష్మీప్రియ ఇటు తిరిగింది.

"స్వర్ణా, ఏం చేస్తాండావు? పరగడుపున ఉంచిన పేషెంటు అది."

"తెలుసు మేడమ్. అందుకే పెడుతున్నా." స్వర్ణలత ఇంకో ముక్క అందించింది. "ఆంజనేయతోనేనా మాట్లాడతాండారు? పేషెంటు ఇప్పుడే పాలకోవా తినిందని చెప్పండి. పాలు, చక్కెర, అరగడానికి సాయంత్రం అవుతాది. పెట్టింది స్వర్ణలత అని కూడా చెప్పండి. రేప్పొద్దున నాకు తెల్దు అనడానికి ఆయనకు వీలుండకూడదు."

లక్ష్మీప్రియ ఫోనులో ఏదో గొణిగి పెట్టేసింది. అవతల ఆంజనేయ ఏమన్నాడో మొహమే చెప్పింది.

వీరభద్ర లేచాడు. మర్యాద అనే శాలువా భుజం మీది నుంచి జారిపోయింది. "ఏమమ్మో, నువ్వేదో పెద్ద ఝాన్సీలక్ష్మి అనుకుంటాండావా? రేపట్నించి ఈ జిల్లాలో నిన్ను ఏ ఆస్పత్రి పిలుస్తాదో నేనూ చూస్తా. నా మాట యాడిదాకా పోతాదో నీకు తెల్దు."

"చూస్తా ఉండు సారూ. ఖాళీగా ఉండేవాళ్లకు చూసే పని మంచిదే."

ఆమె ఆయన వైపు తిరగను కూడా లేదు. సాయంత్రం దాకా గడువు దొరికింది. సాయంత్రం తర్వాత? ఈ మనిషిని ఎక్కడ దాచాలి, ఎవరికి అప్పగించాలి, ఎవరు నమ్ముతారు? వీరభద్రను నమ్మడానికి ఊరంతా ఫ్లెక్సీలున్నాయి. మహాదేవమ్మను నమ్మడానికి ఆమె దగ్గర ఉన్నవి రెండే మాటలు. అయితే రెండు మాటలు తక్కువేమీ కాదని స్వర్ణలతకు తోచింది. కోర్టులో ప్లీడర్లు కూడా అవునా కాదా అనే కదా అడుగుతారు.

ఫోను తీసి, రికార్డింగ్ నొక్కి, పక్కన బెంచీ మీద అందరికీ కనపడేలా పెట్టింది.

"మాదేవమ్మా, లోపల కోస్తారంట. ఈడ." తన పొట్ట మీద వేలితో అడ్డంగా గీసి చూపించింది. "బేకా, బ్యాడా?"

"బ్యాడ."

"మళ్లీ సదనానికి పోతావా?"

"బ్యాడ."

"ఈ సారు?" అని వీరభద్ర వైపు చూపించింది.

ఈసారి మాట రాలేదు. మహాదేవమ్మ కోవా పొట్లాన్ని ఎదకు అదుముకుని, జరిగి జరిగి, స్వర్ణలత వీపు వెనక్కి పోయింది. దుప్పటి ఒక భుజం మీది నుంచి కింద పడినా తీసుకోలేదు.

"పిచ్చిదానితో ఆటలేందమ్మా," అన్నాడు వీరభద్ర. గొంతు మాత్రం ఇందాకటిది కాదు. "ఆ ఫోను తీసెయ్యండి ముందు."

స్వర్ణలత ఫోను తీయలేదు. వెనక్కి తిరిగి, దుప్పటి తీసి మళ్లీ కప్పింది. పిల్లను బుజ్జగించే గొంతు కాకుండా, ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని అడిగినట్టు మామూలుగా అడిగింది.

"మరి నీకు ఏమి బేకు?"

మహాదేవమ్మ ఆలోచించింది. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు సిద్ధంగా లేదు. పొట్లాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టింది. వేళ్లకు అంటిన కోవాను దుప్పటికి తుడుచుకుంది. రెండు అరచేతులూ బొడ్డు కింద ఆనించి, లోపల ఉన్నది వినేలా చెప్తున్నట్టు తల వంచుకుంది.

"కూసు," అంది. "కూసు బేకు."

"కూసోవాలంట," అన్నాడు వీరభద్ర వెంటనే, చాలా తొందరగా. "కూసోనే ఉండాది కదమ్మా. కాళ్లు నొప్పేమో. ఓ నర్సమ్మా, లోపలికి తీస్కపోయి పండుకోబెట్టు."

నర్సు కదలలేదు. స్వర్ణలత తన చేతుల వైపు చూసుకుంది. ఇందాక సిరంజి పట్టుకున్నవి ఆ చేతులే. వాటిలో ఒకదాన్ని మహాదేవమ్మ అరచేతుల పక్కన, బొడ్డు కింద మెల్లగా ఆనించి నొక్కి చూసింది. వేళ్లకు గుండ్రంగా, గట్టిగా తగిలింది. తీసేయాల్సిన సంచి ఖాళీగా లేదు.

"కూసోవడం కాదు," అంది. "మా పక్క కూసు అంటే పసిబిడ్డ. బిడ్డ కావాలంటాంది."

అని తల ఎత్తి, ముందు లక్ష్మీప్రియ మొహంలోకి, తర్వాత వీరభద్ర మొహంలోకి చూసింది. కోపం కనిపించింది, భయం కనిపించింది. ఎంత వెతికినా ఆ రెండు మొహాల్లోనూ ఆశ్చర్యం మాత్రం కనిపించలేదు.